నలభై ఐదు రోజుల నోటీసు

కోవిల్‌పట్టిలో దామోదరసామి ఇల్లు, మధ్యాహ్నం. ఆయన దివంగత భార్యకు తమ్ముడు ముత్తురామన్ విరుదునగర్ నుంచి బస్సులో వచ్చాడు. ఇద్దరి మధ్యా బల్ల మీద, దామోదరసామి తన రివాల్వరును అతనికి అమ్మే కాగితాలు.

“ఇంగ ఏమి మిగిలింది బావా? లెక్కేసుకోనే వచ్చినా. ఈ దినంతో నలభై ఐదు.”

“ముందర ఆ మజ్జిగ తాగు ముత్తూ. మొహమంతా చెమట.”

“మజ్జిగ ఉండనీ. అమ్మేవాడు పోలీసోళ్ళకి నోటీసు ఇవ్వాల. నలభై ఐదు దినాలు ఆగాల. వాళ్ళు వద్దనకపోతే లైసెన్సు ఉండేవాడి చేతికి ఇచ్చేయొచ్చు. నువ్వే కదా చట్టం పుస్తకం తీసి చదివి చూపించినావు?”

“ఆమా. నేనే చదివినా.”

“వద్దన్నారా మరి?”

“ఎవురూ ఏమీ అనలేదు.”

“అట్లయితే సంతకాలు పెట్టేద్దాం. నా లైసెన్సు ఇదో. జెరాక్సులు మూడు. కొత్త ఫోటో. పోయిన తూరి ఫోటోలో మీసం ఉండాదని తిప్పి పంపినావు.”

“మనిషి ఒక మాదిరి, ఫోటో ఒక మాదిరి ఉంటే అడుగుతారు గదా.”

“దానికి ముందర తూటాల లెక్క అన్నావు. పదహారా, పదిహేడా అని ఒక వారం పోయింది. నువ్వు బీఏ చదివినందుకు నా చెప్పులు అరిగిపోయినాయి.”

“పదిహేడు.”

“పదిహేడే రాసినా. తుపాకి నంబరు రాసినా. ఇద్దరి అడ్రసులూ రాసినా. ఇంగ ఏమైనా ఉంటే ఇప్పుడే చెప్పు, ఒకేసారి చచ్చిపోతా.”

“ఆ మాట ఏమిటికి? కాలు ఎత్తి స్టూలు మీద పెట్టుకో. వాచి ఉండాది.”

“కాలుకి ఏమీ లేదు.”

“దినమంతా నిలబడితే వాయదా? ఎక్కడ నిలబడతా ఉండావు?”

“మండీలో. ఇంగెక్కడ? మిరపకాయల సీజను.”

“నువ్వు మండీకి పోయి నెలయిందని విన్నా.”

“ఎవురు చెప్పింది?”

“ఎవురో.”

“బావా, నా లైసెన్సులో తుపాకి కొనే గడువు ఈ శుక్రవారంతో అయిపోతాది. కొత్తదానికి ఫ్యాక్టరీకి రాస్తే ఎనిమిది నెలలంట. నీది తప్ప నాకు దారి లేదు.”

“రెండేండ్లు ఆ లైసెన్సుని ఊరికే బీరువాలో పెట్టుకోనుంటివి.”

“అప్పుడు అవసరం లేదు.”

“ఇప్పుడు?”

“ఉండాది.”

“వ్యాపారం దుడ్డుకి కాపలా అని రాసినావు ఇందులో.”

“అదే.”

“నా మొహం చూసి చెప్పు.”

“చూస్తే సంతకం పెడతావా?”

“సంగవి పెండ్లి చేసుకోని ఎన్ని దినాలయింది ముత్తూ?”

“ఆ మాట ఎత్తొద్దు బావా.”

“యాభై రెండు దినాలు. వారం తిరగకముందే వచ్చి నువ్వు నన్ను తుపాకి అడిగినావు.”

“అది నా కూతురు. దాని సంగతి నేను చూసుకుంటా.”

“పిల్లోడు మన కులం కాదు, అంతే గదా? మంచోడు. సాత్తూరులో అగ్గిపెట్టెల కంపెనీలో మిషన్లు బాగుచేస్తాడు. సంగవికి జొరమొస్తే రెండు దినాలు లీవు పెట్టి పక్కనే కూర్చున్నాడంట. మీ అక్క ఉండింటే ఇద్దరినీ పిలిచి అన్నం పెట్టేది.”

“అక్క లేదు. ఉండింటే దానికైనా చెప్పుకోనుందును.”

“నాకు చెప్పు.”

“నీకు చెప్పలేను.”

“ఏమి, నేను పరాయోడినా?”

“మా ఇంటి సంగతి. నోట్లోనించి రాదు బావా. చెప్తే నువ్వు మా ఇంట్లో పిల్లని చేసుకున్నందుకు... వద్దులే. సంతకం పెట్టు. తుపాకి ఎక్కడ ఉండాది, లోపలా?”

“స్టేషన్లో. ఎన్నికలకి అప్పగించినా గదా, ఇంగా తెచ్చుకోలేదు.”

“సరి, నడువు అక్కడికే పోదాం. నోటీసు కాపీ ఇటియ్యి. ఇదేనా?”

“అదే.”

“ఏది బావా సీలు? తీసుకున్నోళ్ళు సీలు కొట్టి తారీకు వేస్తారు గదా.”

“ముందర కాలు పైకి పెట్టుకో.”

“రెండో కాపీలో ఉండాదా?”

“రెండూ నీ చేతిలోనే ఉండాయి.”

“అంటే?”

“మజ్జిగ తాగు ముత్తూ.”

“అంటే ఏమి బావా?”

“నోటీసు నేను ఇవ్వనే లేదు. నలభై ఐదు దినాల్లో ఒక్కటి కూడా మొదలు కాలేదు.”

“నాలుగు తూర్లు వచ్చినా. నాలుగు తూర్లు నన్ను కూర్చోబెట్టి, అన్నం పెట్టి, పదహారా పదిహేడా అని...”

“శుక్రవారం దాటితే చాలనుకున్నా. గడువు పోతే నువ్వు కొనలేవు.”

“ఏమి చేసినావు బావా...”

“తిట్టు. కొట్టాలంటే కొట్టు. సంగవి నాకు ఫోన్ చేస్తాది. నెల దినాలుగా నువ్వు వాళ్ళ వీధి చివర టీ కొట్టు దగ్గిర నిలబడి వాళ్ళ తలుపునే చూస్తా ఉండావంట. పలకరించవంట. ఎదురొస్తే మొహం తిప్పుకుంటావంట. ఆ బిడ్డ భయపడి సందు వెనకనించి నీళ్ళకి పోతా ఉండాది. అది విన్నాక నీ చేతికి రివాల్వరు ఎట్ల ఇస్తా?”

“నేనా? నేను సంగవిని...”

“పేపర్లో దినమూ చూస్తా ఉండాం గదా. ఎత్తుకోని పెంచినోళ్ళే గదా చంపేది?”

“బావా, ఉండు. నోటీసు దాచింది ఒక్కటేనా? ఇంగేమైనా చేసినావా? ఎవురికైనా చెప్పినావా?”

“నేను ఒక్కణ్ణి నిన్ను ఎంత కాలం ఆపుతా? నీకు చెప్పే పెద్దోళ్ళు ఉండాల. ఆదివారం విరుదునగర్ వచ్చి మీ అన్న నల్లసామిని చూసినా.”

“అన్ననా?”

“మీ నాయన పోయినాక నిన్నూ మీ అక్కనూ పెంచింది ఆయనే. తమ్ముణ్ణి అదుపులో పెట్టాలంటే అన్న తప్ప ఎవురు? నా చేతులు రెండూ పట్టుకోని ఏడ్చేసినాడు ముత్తూ. బిడ్డని మా ఇంటికే తెచ్చుకుంటాం, నా కొడుకులు కాపలా ఉంటారు, ముత్తు మా గడప తొక్కలేడు అన్నాడు. ఆ మాట విన్నాకనే నాకు నిద్ర పట్టింది.”

“సంగవి ఇల్లు ఎక్కడో అన్నకి తెలవదు. నీకూ నాకూ తప్ప ఎవురికీ తెలవదు.”

“అడిగినాడు. రాసి ఇచ్చినా.”

“ఏమని?”

“వీధి, ఇంటి నంబరు. పిల్లోడు షిఫ్టు దిగి వచ్చే టైము.”

“ఎప్పుడు పోతారంట?”

“ఈ దినమే. ఆయనా, కొడుకులిద్దరూ. కారు బయల్దేరిందని నువ్వు వచ్చేదానికి కొంచెం ముందరే ఫోన్ చేసినాడు. ఏమి ముత్తూ? ఏమి అట్ల చూస్తావు?”

“సంగవికి ఫోన్ చెయ్యి బావా. తలుపు తియ్యొద్దని చెప్పు.”

“ఏమిటికి? పెద్దనాయన వస్తాడు, భయం లేకుండా తలుపు తియ్యమని పొద్దున నేనే చెప్పినా. ఎక్కడికి లేస్తావు? కూర్చో, ఆ కాలుతో...”

“పెండ్లి సంగతి తెలిసిన దినమే అన్న వేటకొడవలి నూరిస్తా ఉంటే చూసినా బావా. తుపాకి నేను అడిగింది ఆయన్ని ఆపేదానికి.”