చిన్నమ్మ ఇండికేటర్

ఆ రోజు ఇంట్లో నిద్రపోతున్న నాయనమ్మ, గదిలో బాబాయి, పొద్దున్నే స్కూటీ లైసెన్సు పరీక్షలో ఫెయిలైన చిన్నమ్మ, తలుపు చాటున నేను, మహితను.

"కుడికి తిరిగేటప్పుడు ఇండికేటర్ ఎందుకెయ్యలేదే?"

"ఎన్నడేసిన? నేర్చుకునేటప్పుడు ఎనుక మహిత కూసొని చెయ్యి చాపేది గద!"

"పరీక్షల మహిత ఉంటదా?"

"కూసోబెట్టుకోవచ్చా అని సార్‌ను అడిగిన. నవ్విండు."

"మళ్ళ ఫెయిలైతే స్కూటీ మా తమ్మునికే ఇస్త."

"జర ఆగు! ఎడమ బొటనేలు తోటి స్విచ్ నూకుడే గద."

"అయితే ఈ మంచమే స్కూటీ అనుకో. కుడికి తిప్పు. ఇండికేటరేది?"

తలుపు సందులోంచి నా కుడిచెయ్యి దానంతటదే గదిలోకి చాచుకుంది.

"ఇగో, ఏసిన!" అంది చిన్నమ్మ.

బాబాయి లేచి వచ్చి, నా చెయ్యి బయటికి నెట్టి, నా ముఖం మీదే తలుపు వేశాడు.