మిరప చేతుల మేనమామ

"తాతా, సినిమాల పోలీసోళ్లు ఎవలినో పట్టుకొని కిడ్నాపర్ అంటాంటె అందరం నవ్వుతానం, నువ్వెందుకు నవ్వుతలేవు?"

నాకు నవ్వు రాదు బిడ్డ. జర సౌండ్ తగ్గియ్యి, చెప్త. నన్ను గూడ గట్లనే పట్టుకున్నరు. మా చెల్లె కొడుక్కు గుడి కాడ పుట్టెంటికలు తీసుడుండె. వానికి రెండేండ్లు, కాదు కాదు, ఏడాదిన్నరనే. మేనమామ ఒళ్లె కూసోబెట్టి తీస్తరు గద, వానికి నేనొక్కన్నే మేనమామను. కొత్తంగీ కుట్టిచ్చుకున్న. అప్పుడు ఎనుమాముల మార్కెట్ల హమాలీ పని నాది. పొద్దుగాల మిరప బస్తాలు మోసి, సబ్బుతోని చేతులు కడుక్కొని, అందరితోని బస్సెక్కిన. మిరప ఘాటు సబ్బుకు పోతదా?

ఆడోళ్లు ముందల కూసున్నరు, పోరడు నా చేతుల ఉన్నడు. నడుమ ఓ బస్టాండ్ల బిస్కట్లు కొందామని వాన్ని ఎత్తుకొని దిగిన. గప్పుడు బిస్కట్ పుడ రెండ్రూపాలే. వాని ముక్కు తుడిసిన, ఇగ నా చేతుల ఘాటుకు వానికి కండ్లు మండి ఒకటే ఏడుపు. అటు బస్సు కదిలింది. నేను ఎనుక డోర్ కాడ ఎక్కిన్ననుకున్నరు మావోళ్లు. ఇటు జనం మూగిండ్రు. ఘాటుకు నా కండ్లెప్పుడు ఎర్రగనే ఉండేటియి. తాగిండు, పిల్లలను ఎత్తుకపోయేటోడు అన్నరు. గా పుకారు అప్పుడు ఊరూర ఉండె.

ఠాణకు తీస్కపోయిండ్రు. జమేదారు పోరన్ని ఎత్తుకుంటె కెవ్వుమంటాండు, నా భుజం మీదేస్తె ఊకుంటాండు. ఆఖరుకు వాన్ని నాకే ఇచ్చి, జోకొట్టమని చెప్పి, ఎత్తుకపోయినోడని నా పేరే రాసుకున్నరు. గంత తెలివి వాళ్లది. మేనమామనంటె చెంప మీద కొట్టిండ్రు.

మావోళ్లు ఎతుక్కుంట వచ్చినంక ఎస్సై నవ్విండు. "గీ ముక్క ముందే చెప్పొద్దా" అన్నడు. వాళ్ల మీద కోపం ఎన్నడో పోయింది బిడ్డ.

గుడి కాడ చెల్లె అత్త అడ్డమొచ్చింది. "ఠాణకు పోయొచ్చినోని ఒళ్లె పోరన్ని కూసోబెడుతమా?" అన్నది. చెల్లె మొగని దోస్తును పిలిసి కూసోబెట్టిండ్రు. నేను చెల్లె దిక్కు చూసిన. అది నేల చూసింది. అత్తకు భయపడ్డదో, సిగ్గు పడ్డదో. నేను ఎత్తుకొని పెంచిన పిల్ల, నోరిప్పలే. గది ఇప్పటికీ మంటనే నాకు.

ఇప్పుడు గూడ చెల్లె ఇంటికి పోత, ఛాయ్ తాగి వస్త. ఏమడుగుత, ముసల్దైంది.

నీకూ తమ్ముడున్నడు గద. నలుగుర్ల వాన్ని ఎవలన్న తీసేసి మాట్లాడితె తలకాయ వంచుకోకు. వీడు మావోడు అని ఒక్క మాట అను, చాలు. సల్లగుండు బిడ్డ.