నోలా పెనం, డెల్మర్ రివాల్వర్

శనివారం పొద్దున తొమ్మిదింటికి టర్కీ బెండ్ గన్ క్లబ్బు రేకుల షెడ్డులో కాఫీ ఎంత ఉందో, డెల్మర్ స్టాల్‌కప్ మాటలు దానికి పదింతలున్నాయి. ఆ ఊళ్ళో అదేం కొత్త కాదు. ఇళ్ళ ట్యాంకులకు గ్యాస్ నింపే ట్యాంకర్ నడిపి రిటైరైన మనిషి. ఎవరింటికి వెళ్ళినా ట్యాంకు నిండేలోపు వాళ్ళ చెవులు కూడా నింపి వచ్చేవాడు. కాకపోతే ఆవేళ నోలా హాస్కిన్స్ పనిగట్టుకుని వింటోంది. వినక చస్తుందా పాపం!

నోలా ముప్పై ఏళ్ళు బడి బస్సు నడిపింది. ఇప్పుడు క్లబ్బులో పందేలన్నీ ఆమె చేతి మీదుగానే జరుగుతాయి. ఏటా అక్టోబరులో మడ్ క్రీక్ క్లబ్బు వాళ్ళతో రివాల్వర్ పందెం ఉంటుంది, ఈ ఏటిది ఆవేళే. జట్టుకు నలుగురు. పదింటికల్లా నాలుగు పేర్లూ కాగితం మీద పడకపోతే ఆడకుండానే ఓడినట్టు. తనొకతి, నర్సు ఇమోజీన్ ఒకతి, ముసలి హోబర్ట్ ఒకడు. నాలుగోవాడు లాయిడ్. అతగాడు మొన్న గురువారం కోళ్ళ షెడ్డు పైకప్పు బాగుచేయబోయి, కిందపడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు.

పోతే పోయింది పందెం అనుకోవడానికి వీల్లేదు. గెలిచినవాళ్ళు పట్టుకుపోయేది నోలా వాళ్ళమ్మ ఇనప పెనం. నలభై ఏళ్ళు మొక్కజొన్న రొట్టె కాల్చి కాల్చి నున్నగా తేలిన పెనం. మూడేళ్ళ కిందట "మనల్ని కొట్టే మగాడెవడు!" అని గొప్పకు పోయి, నోలాయే దాన్ని పందెంలో పెట్టింది. వరసగా మూడేళ్ళు గెలిచినవాళ్ళకు అది సొంతం. మడ్ క్రీక్ వాళ్ళు అప్పుడే రెండేళ్ళు గెలిచి కూర్చున్నారు. పైగా ఏళ్ళ తరబడి నూనె పట్టిన ఆ నునుపంతా పోయేలా దాన్ని సబ్బు పెట్టి తోముతున్నారట! ఆ మాట చెవిన పడ్డ రోజు నోలాకు ముద్ద దిగలేదు.

"లాయిడ్ లేకపోతే ఏం, నన్ను రాసుకో" అన్నాడు డెల్మర్, తన నల్ల ప్లాస్టిక్ పెట్టె బల్ల మీద పెట్టి, దాని మీద మోచెయ్యి ఆనించి.

"నిన్నా?" అంది ఇమోజీన్. "నీ దగ్గర లేని సరంజామా లేదు, ఒప్పుకుంటా. చెవులకు మూతలు మూడు జతలు, తోలు ఒరలు నాలుగు, టోపీలకైతే లెక్కే లేదు. కాల్చడం వచ్చా అసలు?"

"కాల్చడమా! వినండి మరి. మొన్న ఏప్రిల్లో గన్ షోలో కొన్నానా దీన్ని. అమ్మే ముసలాయన చెప్పిన ధర విని నవ్వాను. నా నవ్వు చూసి ఆయన తగ్గించాడు. ఇంకాస్త నవ్వాను, ఇంకాస్త తగ్గించాడు. ఇంకొక్క నవ్వు నవ్వితే ఎదురు డబ్బిచ్చేవాడే, ఖర్మగాలి నాకు దగ్గొచ్చింది."

మూల కుర్చీలో హోబర్ట్ సాసేజ్ బన్ను నములుతూ తలెత్తాడు. ఆయన మాట తక్కువ మనిషి. ఏటా గన్ షోలో గుమ్మం దగ్గర కూర్చుని, లోపలికి వచ్చే ప్రతి తుపాకీకీ పేలకుండా ప్లాస్టిక్ కట్టు బిగించి పంపేది ఆయనే. తలెత్తి పెట్టె వంక చూసి, మళ్ళీ బన్ను పనిలో పడ్డాడు.

"ఇంటికి తెచ్చి చూద్దును కదా, ట్రిగ్గర్ మహా మొండిగా ఉంది. రోకలి లేపినంత పని. సరే అని వంటింటి బల్ల మీద విప్పాను. విప్పానో లేదో లోపలి స్ప్రింగు టింగుమని ఎగిరిపోయింది."

"మా ఆయనదీ అంతే. ఫ్రిజ్ కింద దొరికింది" అంది ఇమోజీన్.

"మీ ఆయనది ఫ్రిజ్ కిందికి పోయింది తల్లీ. నాది కిటికీలోంచి పోయింది. పోయి పక్కింటివాళ్ళ కోడిపుంజు నోట్లో పడింది. ఆ పుంజు ఇవ్వాళ్టికీ కూసినప్పుడల్లా మూరెడు ఎత్తు ఎగురుతుంది, కావాలంటే వెళ్ళి చూడు. సరే, మా ఆవిడ గోడగడియారంలోంచి ఒక స్ప్రింగు పీకి వేశాను. ఇక ట్రిగ్గర్ ఎంత మెత్తబడిందంటే, వేలు కూడా ఆనించనక్కర్లేదు, కాలుద్దాం అనుకుంటే చాలు, ఢాం! ఆ తర్వాత ఏమైందో తెలుసా? అనుకోవడమే మానేయాల్సి వచ్చింది నేను. మూడు వారాలు బుర్రలో ఒక్క ఆలోచన లేకుండా తిరిగాను."

"మీ ఆవిడ కనిపెట్టిందా?" అంది ఇమోజీన్.

"లేదు, అదే చిత్రం."

నోలాకు నవ్వొచ్చింది గాని ఆపుకుంది. గోడగడియారం తొమ్మిదీ ఇరవై చూపిస్తోంది. కాగితం మీద మూడు పేర్లే ఉన్నాయి.

"అవన్నీ తర్వాత. గురి సంగతి చెప్పు" అంది.

"అక్కడికే వస్తున్నా. మొదట పాతిక గజాల్లో ఒక అక్రోటు కాయ పెట్టాను. పప్పు చెదరకుండా పెంకు రాలగొట్టాను. ఇదేం పెద్ద గొప్ప కాదు, ఎవడైనా చేస్తాడు. తర్వాత పేకముక్కను అడ్డంగా నిలబెట్టి, అంచు మీద కొట్టి రెండు రేకులు చేశాను. ఆ రెండు రేకులతో మా బావమరిది ఇప్పటికీ పేకాడుతున్నాడు, ఒకే రాణీని రెండుసార్లు వేస్తాడు వెధవ. అదీ చప్పగా అనిపించి, కొండ అవతల మోస్లీ చర్చి గంటకు గురిపెట్టాను. ఎనిమిది మైళ్ళు. గంట మోగింది. లోపల పెళ్ళి జరుగుతోందట, పాదిరి సగం మంత్రం చదివాడో లేదో, గంట మోగింది గదా అని అయిపోయిందనేశాడు. సగం పెళ్ళితోనే కాపురం పెట్టారు వాళ్ళు. మొన్న కవలలు పుట్టారు. ఒకడికి నా పేరే పెట్టారు."

"రెండోవాడికి?"

"రివాల్వర్ కంపెనీ పేరు."

ఇమోజీన్ కాఫీ పొలమారి దగ్గింది. డెల్మర్‌కు హుషారు పుట్టింది. ఎదుటివాళ్ళు దగ్గితే ఆయనకు చప్పట్లు కొట్టినట్టే.

"జూలైలో వడగళ్ళ వాన పడింది, జ్ఞాపకం ఉందా? అందరి బండ్లూ సొట్టలు పడ్డాయి. నా పికప్ మీద ఒక్క సొట్ట చూపించండి! అద్దం దించి, చెయ్యి బయట పెట్టి, పడే ప్రతి గడ్డనూ గాల్లోనే పేల్చాను. మూడు వందల గడ్డలు."

"ఆరు తూటాల రివాల్వర్‌తోనా?"

"ఒక గడ్డకీ ఇంకో గడ్డకీ మధ్య బోలెడంత టైముంటుందమ్మా ఇమోజీన్, కంగారుపడకూడదు గాని."

హోబర్ట్ బన్ను తినడం ఆపాడు. "ఇదంతా ఈ రివాల్వర్‌తోనేనా?"

"ఈ రివాల్వర్‌తోనే."

"ఏప్రిల్లో కొన్నదే?"

"అదేనయ్యా! నా దగ్గర ఇంకోటి ఎక్కడుంది? అసలు సంగతి ఇప్పుడు వినండి. ఆగస్టులో ఒక గురువారం, మధ్యాహ్నం మూడూ పది. ఊరికే తూర్పు దిక్కుకు తిప్పి ఒకటి కాల్చాను. దేనికీ తగల్లేదు. ఎలా తగులుతుంది, నా ట్రిగ్గర్ మెత్తదనానికి ఆ గుండు భూమి మీద కాలు పెట్టడం మానేసింది! మళ్ళీ గురువారం సరిగ్గా మూడూ పదికి పడమటి వైపు నుంచి వచ్చి, నా నెత్తి మీదుగా జుయ్యిమని వెళ్ళింది. ఆ తర్వాత గురువారం మళ్ళీ. ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. మూడింటికల్లా వాకిట్లోకి వచ్చి నిలబడతాను. అది వెళ్ళేటప్పుడు టోపీ తీస్తాను. మన చేతిలోంచి వెళ్ళింది కదా, ఆ మాత్రం మర్యాద ఉండాలి."

గోడగడియారం పదికి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

నోలా అవేం నమ్మలేదు. ముప్పై ఏళ్ళు బస్సులో పిల్లల అబద్ధాలు విన్న మనిషి ఆమె. కానీ వందలో ఒకటైనా నిజం ఉండకపోతుందా అనుకుంది. పాతిక గజాల్లో అక్రోటు కాయ కాకపోయినా, కనీసం అక్రోటు చెట్టైనా కొట్టి ఉంటాడు. పెన్సిలు తీసి నాలుగో గీత మీద డెల్మర్ స్టాల్‌కప్ అని రాసింది. రాస్తుంటేనే గుర్తొచ్చింది. ఈయన క్లబ్బులో చేరి రెండేళ్ళయింది. ప్రతి శనివారం వస్తాడు, అందరికీ సాసేజ్‌లు కాల్చి పెడతాడు. కాల్పుల గీత మీద నిలబడగా తను ఒక్కసారీ చూడలేదు. ఒకరోజు గాలి ఎదురన్నాడు, ఒకరోజు మోకాలన్నాడు, ఒకరోజు చెవి డాక్టరు వద్దన్నాడన్నాడు. నోలా పెన్సిలు బల్ల మీద పెట్టింది.

"పెట్టె తెరువు డెల్మర్" అంది.

"ఇప్పుడా? దేనికి?"

"దేనికేమిటి! పందెంలోకి వెళ్ళే ప్రతి తుపాకీ ముందు ఈ బల్ల మీద తెరిచి చూపించాలి. నేనూ చూడాలి, ఇంకొకరూ చూడాలి. ఏనాటి రూలు!"

డెల్మర్ మోచెయ్యి తీశాడు. రెండు గొళ్ళేలూ తెరవడానికి చాలాసేపు పట్టింది. మూత లేచింది.

లోపల రివాల్వర్ కొత్తగా మెరుస్తోంది. తూటాలు పెట్టే చక్రం పక్కకు తెరుచుకుని ఉంది. ఆ చక్రం ఉండాల్సిన ఖాళీలోంచి దూరి, బిగుతుగా చుట్టుకుని, పసుపుపచ్చ ప్లాస్టిక్ కట్టు ఒకటి ఉంది.

డెల్మర్ కూడా దాని వంక మిగతావాళ్ళలాగే నోరు తెరుచుకుని చూశాడు. దాని సంగతే మర్చిపోయాడు మహానుభావుడు. కొన్న రోజు మూత పెట్టడమే గాని మళ్ళీ తీసింది లేదు.

హోబర్ట్ లేచాడు. ప్యాంటుకు చేతులు తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, వంగి తీరిగ్గా చూశాడు.

"నాదే. ఏప్రిల్ షోకి పసుపువి తెచ్చాం. కొస ఇలా మొదలంటా తెంపేది నేనొక్కణ్ణే, చేతికి గీరుకోకుండా ఉంటుందని. ఇంటికెళ్ళాక ఎవరి కట్టు వాళ్ళు తెంపుకోవాలని గుమ్మం దగ్గర చెప్పి పంపాను నీకు. ఇది ఉండగా చక్రం మూసుకోదు, చక్రం మూసుకోందే ఏ రివాల్వరూ పేలదు." కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. "గంట ఎవరు కొట్టారో, వడగళ్ళు ఎవరు పేల్చారో నాకనవసరం. ప్రతి గురువారం మధ్యాహ్నం నువ్వు టోపీ తీసేది దేనికయ్యా డెల్మర్?"

ఇమోజీన్ బల్ల మీద తల వాల్చి నవ్వింది, నవ్వీ నవ్వీ కళ్ళనీళ్ళు తుడుచుకుంది. డెల్మర్ చెవులు ఎర్రబడ్డాయి. ఒక క్షణం పెట్టె వంక, ఒక క్షణం తలుపు వంక చూశాడు. తర్వాత భుజాలు సర్దుకున్నాడు.

"కట్టేసి ఉంటేనే ఇంత చేసింది. విప్పితే ఏం చేస్తుందో మీరే ఆలోచించుకోండి" అన్నాడు.

హోబర్ట్ కూడా నవ్వాడు. నోలా మాత్రం నవ్వలేదు. పెన్సిలు తిప్పి రబ్బరు వైపు నాలుగో పేరు మీద ఆనించింది.

"రెండేళ్ళ నుంచీ ఎందుకు కాల్చలేదు? నిజం చెప్పు, ఒక్కటంటే ఒక్కటి."

డెల్మర్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"భయం" అన్నాడు చివరికి. "నలుగురి ముందు కాల్చి, గురి తప్పితే? తర్వాత నా కథలు ఎవరు వింటారు నోలా?"

నోలాకు ఆయన మీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది. కోపమే ఎక్కువ, ఎందుకంటే అవతల పెనం తన తల్లిది. పది కావడానికి మూడు నిమిషాలుంది. పందెం రూళ్ళ కాగితం గోడ మీంచి తీసి, పైనుంచి కిందికి ఒకసారి చదివింది. తర్వాత పేరు చెరపకుండానే పెన్సిలు పక్కన పెట్టింది.

"జట్టుకు నలుగురుండాలని ఉంది. నలుగురూ కొట్టాలని ఎక్కడా లేదు. ముగ్గురం కొట్టుకొస్తాం, నువ్వు నిలబడు. ఏ దిక్కుకు కాల్చినా సరే, గురుల వెనక మట్టిగట్టు మాత్రం దాటించకు. హోబర్ట్, తెంపు."

హోబర్ట్ చొక్కా జేబులోంచి చిన్న కత్తెర తీశాడు. పసుపు కట్టు తెగి బల్ల మీద పడింది. ఆయన లోపల ఖాళీయేనని చూసుకుని, నోలాకు చూపించి, చక్రాన్ని నెమ్మదిగా మూశాడు. టిక్కుమంది. డెల్మర్ కుర్చీలో ఉలిక్కిపడ్డాడు.

బయట కంకర రోడ్డు మీద బండి చప్పుడైంది. మడ్ క్రీక్ వాళ్ళ పికప్ గేటు లోపలికి తిరిగింది. దాని ముందు, అందరికీ కనపడేలా, పెనాన్ని తీగతో కట్టుకుని మరీ వచ్చారు.

అందరూ లేచి బయటికి నడిచారు. డెల్మర్ నోలా పక్కకు చేరి, ఇమోజీన్‌కు వినపడకుండా గొంతు తగ్గించాడు.

"నోలా, మూయాల్సింది ఏ కన్ను? కుడిదా, ఎడమదా?"

నోలా వాళ్ళమ్మ పెనాన్ని ఒకసారి కళ్ళారా చూసుకుంది.