పక్కింటి అక్క

టీకాల గదిలో నర్సు, తొమ్మిది నెలల పాపను ఒళ్ళో పెట్టుకున్న తల్లి మాత్రమే మిగిలారు.

"పెద్దవాడికి తట్టు టీకా వేయించలేదా అమ్మా?"

"లేదండీ. ఏమన్నా అవుతుందని భయపడ్డాను. పక్కింటి అక్క వాళ్ళ పాపకి వేయిస్తానంటే నేనే వద్దన్నాను. నా మాట కాదనలేకపోయింది."

"తర్వాత?"

"ఇద్దరు పిల్లలకీ తట్టు పోసింది. మావాడు గండం గట్టెక్కాడు. వాళ్ళ పాప దక్కలేదు."

నర్సు సిరంజిలోకి మందు ఎక్కించింది.

"ఆవిడ మిమ్మల్ని ఏమైనా అందా?"

"పల్లెత్తు మాట అనలేదండీ. తిట్టిపోసినా బాగుండేది. గోడవతల గిన్నెల చప్పుడు వినిపిస్తుంది, అంతే."

"పాప చెయ్యి గట్టిగా పట్టుకోండి... అయిపోయింది. జ్వరం వస్తే కంగారు పడకండి. ఇంట్లో తోడు ఎవరైనా ఉన్నారా?"

"ఇదివరకైతే అక్కని పిలిచేదాన్నండీ."