సాసర్‌లో సగం

నాగ్‌పూర్ వైపున్న దుర్గాపూర్ బొగ్గు గని క్వార్టర్‌లో పొద్దుటి పూట. పోయిన నెల ఛాతీ నొప్పితో ఆసుపత్రికి వెళ్లి వచ్చిన తండ్రి ముందు, చంటిపిల్లను చంకనేసుకున్న కూతురు కప్పు పెట్టింది.

"గిదేంది బిడ్డా, చాయ్‌ల పాలు పొయ్య మర్చిపోయినవా?"

"గ్రీన్ టీ, బాపూ. నాగ్‌పూర్ నుంచి తెప్పించిన. రక్తనాళాలు గట్టిపడకుంట చూస్తదంట."

"ఎవలు చెప్పిండ్రు?"

"పేపర్ల చదివిన. డాక్టర్ సాబ్‌ను గూడ అడిగిన. జర మేలు చెయ్యొచ్చు గని గోలీలు బంద్ చెయ్యొద్దన్నడు. నిన్న నీకిచ్చిన ఆకు గూడ గిదే. దాన్నేం చేసినవ్?"

"పాలు, శక్కెర, అల్లం ఏసి మస్తు మరగబెట్టిన. అప్పుడు చాయ్ లెక్క అయింది."

"అయ్యో బాపూ! గట్ల చేస్తె దాంట్ల ఇంకేం మిగుల్తది?"

"మీ అమ్మ గట్లనే చేసేది. నేను షిఫ్ట్ దిగి వచ్చేసరికి అల్లం వాసన గల్లీ దాకా వచ్చేది. కప్పు నాకు, సాసర్‌ల సగం ఆమెకు."

"యాదికుంది. సాసర్‌ల నేను వేలు ముంచితే కొట్టేది."

"ఆమె పోయినంక దేంట్ల రుచి లేదు. ఇగ ఈ నాళాలు బాగుండి ఏం చెయ్యాలె?"

"గట్లనకు, బాపూ. నా బిడ్డ నిన్ను తాతా అని పిలవాలె. నీ గురించి ఫికర్‌తోని నాకు నిద్ర పడ్తలేదు."

ఆయన మనవరాలి వైపు చూశాడు. కప్పెత్తి ఒక గుక్క తాగి, సాసర్‌లోకి సగం ఒంపి కూతురి వైపు జరిపాడు.

"గడ్డి నీళ్ల లెక్కుంది. రేపట్నుంచి దీంట్ల పాలు పొయ్యను, సరేనా? గని ఒక్కన్నే తాగను. నువ్వు గూడ తాగు."