లెంబాంగ్ దాకా వెలిగిన తెర

రండర్రా, దగ్గరకు జరగండి. గోడకానుకున్న వాళ్ళూ లేచి ముందుకొచ్చి కూర్చోండి. ఈ కథలో గట్టిగా మాట్లాడేవాడు ఒక్కడే. మిగతావాళ్ళ మాట వెనక్కి వినబడదు.

బాండుంగ్ అనే దూరదేశపు ఊళ్ళో బీ ఓనా కాఫీ అంగడి ఉంది. బీ అంటే పిన్ని. ఆవిడ ఆ వీధంతటికీ పిన్నే. శనివారం మధ్యాహ్నం వాన పట్టే వేళకి కంప్యూటర్లని నడిపే లినక్స్ అనే ఉచిత వ్యవస్థకి ప్రోగ్రాములు రాసేవాళ్ళు నలుగురైదుగురు అక్కడ చేరి, బాలా-బాలా పకోడీలు తింటూ కబుర్లాడుకుంటారు. ఆ రోజు ఇమాస్ కూడా వచ్చింది. ఆ అమ్మాయి ఒక బడిలో కంప్యూటర్ల గది చూసుకుంటుంది. ఎవరో దానమిచ్చిన ఇరవై లాప్‌టాప్‌లు ఉన్నాయక్కడ. వాటి తెర వెనక దీపం ఎప్పుడూ ఒకటే మంట, తగ్గించే దారి లేదు. పిల్లలకి కళ్ళు నీళ్ళు కారుతున్నాయి. దీపానికి మన మాట చేరవేసే చిన్న ప్రోగ్రాముని డ్రైవర్ అంటారు. ఆ రకం లాప్‌టాప్‌కి దాన్ని ఎవరూ రాయలేదు. నేను రాస్తానని ఆ గుంపులోని ఎంకోస్ ఒక లాప్‌టాప్ పట్టుకెళ్ళి వారమైంది.

ఆ పనిలో ఒక కట్టుబాటు ఉంది. రాసినవాడు బాగుందంటే చాలదు. ఇంకొకరు తమ చేత్తో నడిపి చూసి, పరీక్షించానని కింద పేరు రాయాలి. ఆరేళ్ళలో ఇమాస్ అలా నాలుగుసార్లే రాసింది. ఐదోసారి ఇప్పుడు రాయమంటున్నాడు ఎంకోస్. రాస్తే సోమవారం పొద్దున ఆ డ్రైవర్ ఇరవై లాప్‌టాప్‌లలోకీ ఎక్కుతుంది. పిల్లలకి పరీక్ష కూడా ఆ రోజే. మధ్యలో తెరలు నల్లబడితే వాళ్ళ పరీక్ష పోతుంది, ఇమాస్ పేరూ పోతుంది.

"మళ్ళీ నువ్వు నడిపి చూడటం దేనికి నెంగ్?" అన్నాడు ఎంకోస్. చెల్లెలి వయసు పిల్లల్ని అక్కడ అలాగే పిలుస్తారు. "నేను చూశానుగా! మొదటిరోజు వందకి పది వెలుగు చాలని అంకె ఇచ్చాను. తెర ఎంత చల్లబడిందంటే, పక్క గదిలో పసివాడు ఏడుపు మానేశాడు. సరేనని యాభై ఇచ్చాను. పట్టపగలు, కిటికీ తెరిచి ఉంది, అయినా నా నీడ నా వెనక గోడ మీద పడింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"వందకి వెళ్ళావు," అన్నాడు యాయాన్, పకోడీ నములుతూ. అతనికి ఎంకోస్ కోతలు వినడం వారం వారం అలవాటే.

"వందకి వెళ్ళాను. బయట వాన కురుస్తోంది, మేడ మీద ఆరేసిన బట్టలు వానలోనే ఆరిపోయాయి. ఆడవాళ్ళు వచ్చి ఇస్త్రీ కూడా చేసి పెట్టమన్నారు."

"అంకె వంద దగ్గర ఆగాలి కదా, కాంగ్?" అంది ఇమాస్. కాంగ్ అంటే అన్న.

"ఆగాలి. నా డ్రైవర్‌కి ఆగడం రాదు! రెండు వందలిచ్చాను. లెంబాంగ్ కొండ మీద పచ్చి టమాటాలు ఒక్క పూటలో పండాయి. రైతులు బండి కట్టుకుని వచ్చి, అన్నా, ఇంకో రెండ్రోజులు అలాగే ఉంచు, మిరపకాయలు కూడా ఉన్నాయి అని బతిమాలారు. పైన పోయే విమానంలో పైలట్ నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. అక్కడి అగ్నిపర్వతం కాపలావాళ్ళు మంటలు లేచాయనుకుని ఊరొదిలి పరిగెత్తబోతుంటే, నేనే వెళ్ళి ఆపాను."

"అంత దూరం పరిగెత్తావా?" అన్నాడు యాయాన్.

"వెలుగు తోసింది కదయ్యా! సరే, ఇది చాల్లే అని సున్నా ఇచ్చాను. చీకటి తెరలోంచి కారి కీబోర్డంతా తడిపేసింది. గుడ్డ పెట్టి తుడిచి పిండాను. ఆ గుడ్డతోనే ఇవాళ మన బీ ఓనా కాఫీ వడగట్టింది, లేకపోతే ఇంత నలుపెక్కడిది?"

"నా గుడ్డ జోలికి రాకు," అంది బీ ఓనా పొయ్యి దగ్గర నుంచి.

అందరూ నవ్వారు. ఇమాస్ నవ్వలేదు.

"ఇదంతా ఎక్కడ కూర్చుని చూశావు కాంగ్?"

"నా గదిలో, పెద్ద కంప్యూటర్ ముందు. అక్కడ టైపు చేస్తే వైరు గుండా లాప్‌టాప్‌కి చేరుతుంది. మేమంతా అలాగే చేస్తాం."

"మరి అప్పుడు లాప్‌టాప్ ఎక్కడ పెట్టావు?"

"బీరువా మీద."

"మూత?"

ఎంకోస్ ఒక పకోడీ తీసుకున్నాడు. "వేసే ఉంది. దుమ్ము పడుతుందని."



"అయితే టమాటాలు మూత సందులోంచి పండాయన్నమాట!" అన్నాడు యాయాన్.

"వెలుగు మారిందని నీకెలా తెలిసింది?" అంది ఇమాస్.

"యాభై ఇచ్చి, వెలుగు ఎంతుందని డ్రైవర్‌నే అడిగాను, యాభై అంది. వంద ఇచ్చి అడిగాను, వంద అంది. ఇంకేం కావాలి?"

"నువ్వు చెప్పిన అంకెనే గుర్తుపెట్టుకుని నీకు అప్పజెప్పింది కాంగ్. దీపాన్ని ఎవరూ అడగలేదు."

"మా ఆయనా అంతే," అంది బీ ఓనా. "మాత్ర వేసుకున్నావా అంటే వేసుకున్నా అంటాడు. చూస్తే మాత్రలన్నీ డబ్బాలోనే ఉంటాయి."

ఇమాస్ అతని సంచిలోంచి లాప్‌టాప్ తీసి, మూత తెరిచి, పది ఇచ్చింది. అదే మంట. వంద. అదే మంట. సున్నా ఇచ్చినా అదే. తర్వాత డ్రైవర్ కింద ఇలా రాసింది: "నడిపి చూశాను. అంకె మారుతోంది, వెలుగు మారడం లేదు." పరీక్షించినవాళ్ళు పేరు రాయాల్సిన వరస ఖాళీగానే వదిలేసింది.

"మూత తెరిస్తే సిగ్గుపడుతోంది," అన్నాడు ఎంకోస్. ఆ మాటకి యాయాన్ కూడా నవ్వలేదు.

"సోమవారం పిల్లలు పరీక్ష కాగితం మీద రాస్తారులే," అంది ఇమాస్.

ఎంకోస్ స్టూలు లాక్కుని, మూత తెరిచిన లాప్‌టాప్ ఎదురుగా కూర్చుని డ్రైవర్‌ని సరిచేయడం మొదలుపెట్టాడు. కాఫీ చల్లారింది, అతను ముట్టుకోలేదు. వాన వెలిసేసరికి తెర ఒక్క మెట్టు మసకబడింది, ఒక్కటే మెట్టు. ఈసారి అంకె చెప్పకుండా, నువ్వే చూడమన్నట్టు దాన్ని ఇమాస్ వైపు తిప్పాడు.

అంతేనర్రా. లేవండి, పొయ్యిలు ఆర్పేసి మీ వాళ్ళు మీకోసం చూస్తుంటారు. వెళ్ళి వేడివేడిగా తినండి.