కంచె బయట తొమ్మిది నకళ్ళు

తుఫానంట! సూడత్తా, ఈ కాయితంలో ఎంత సులువుగా రాసీసేరో! 'తుఫాను కారణంగా తలెత్తిన సాంకేతిక అంతరాయం వల్ల శ్రీ అప్పలసూరి గారికి సమాచారం అందలేదు.' అంతే. కింద నువ్వు సంతకం ఎడితే మావ ఫైలు మూసీవొచ్చంట.

నన్నే పంపేరు మరి. 'గౌరీశ్వరి గారు నీకు మేనత్తే కదా సింధూరా, పూండి నుంచి దగ్గరే కదా, నువ్వయితే నెమ్మదిగా సెప్తావు' అన్నారు మా వైజాగ్ ఆఫీసోలు. మావ పదకొండో రోజు నిన్నే కదా అయ్యింది! ఒక్క రోజు ఆగనేకపోయేరు.

ఉండు, ఉండత్తా. పెన్ను తియ్యకు. ఆ జీడిపిక్కల సేట కూడా పక్కనెట్టు. ఒక్కసారి నా మొకం సూడు.

తుఫాను కాదత్తా.

రానేదంటానా? వచ్చింది. మీ జీడితోట సగం పడిపోయింది. నాలుగు రోజులు కరెంటు నేదు. పలాస సెంటరు మూసీసేరు, మావకి సోమవారం అవ్వాల్సిన డయాలసిస్ అవ్వనేదు. అంతవరకూ తుఫానే. ఆ తరవాతది నేను.

ఏటా? సెప్తాను. నన్ను సెప్పనీ.

'ఇంట్లో కూకుని ఏటి సేత్తావే గుంటా' అని మావ నవ్వేవోడు కదా. సెంటరుకి ఎవులు ఏ రోజు రావాలో ఫోన్లకి మెసేజీ ఎల్తాది సూడు, ఆ ప్రోగ్రాం మాదే. మామూలు రోజుల్లో దాని నకళ్ళు మూడు పన్జేత్తాయి. రద్దీ పెరిగితే కొత్త నకళ్ళు వాటంతటవే పుడతాయి. కంటైనర్లంటారు. పేషంట్ల వివరాలూ, మంచాల లిస్టూ మాత్రం వేరే సోట ఉంటాయి, సుట్టూ కంచె ఏసినట్టు ఒక ప్రైవేటు నెట్‌వర్కులో. బయటోడు సొరబడకుండా. కొత్తగా పుట్టిన నకలుకి ఆ కంచె లోపలికి దారి ఇవ్వాల. ఇవ్వకపోతే? అది పేరయితే రాసుకుంటాది గానీ లిస్టు దాకా ఎల్లనేదు. మెసేజీ రాదు. పాపం ఆ మనిషి ఎదురు సూత్తా కూకుంటాడు.

పుట్టగానే దారి దొరికీలాగ ముందే రాసుకోవొచ్చు. నేను రాయనేదు. సేత్తోనే కలిపేదాన్ని, ఒక్కోదాన్నీ. మా పైనున్న యువరాజు గారు మూడుసార్లు సెప్పేరు, 'ఆటోమేటిక్ సేసీ సింధూరా, ఎన్నాళ్ళిలగ?' అని. రేపన్నాను. ఎల్లుండన్నాను.

ఎందుకంటే... ఎలగ సెప్పను? ఆ పని నాకొక్కదానికే తెలుసు. అందుకే నన్ను పూండిలో కూకుని సేసుకోనిచ్చేరు. రద్దీ పెరిగితే సాలు, 'సింధూర ఏదీ, సింధూరని పిలవండి' అనేవోలు. ఆ మాట ఇంటుంటే బాగుండేదత్తా! దానికదే అయిపోతే ఇంక నన్నెవులు పిలుత్తారు?

గురువారం పొద్దున్న సెంటరు తెరిసేరు. మెసేజీ ఒచ్చినోలే రండి, గుంపుగా ఎగబడొద్దు అన్నారు. ఉద్దానం ఉద్దానమంతా ఒక్కసారే ఫోన్లు పట్టుకుంది. మూడు నకళ్ళు పన్నెండయ్యాయి. తొమ్మిది కంచె బయటే.

అప్పుడే తెలుసు నాకు. పూండి టేసను కాడ ఒక కొట్టోడు జనరేటరు ఎట్టేడు, అక్కడ ల్యాప్‌టాపు సార్జింగుకి ఎడదామని నిలబడ్డాను. నా ముందు పది మంది. ఫోన్లో ఎర్రచ్చరాలు పడ్డాయి, తొమ్మిది కలవనేదని. గంటలో నా వంతు ఒచ్చేత్తాదని లెక్కేసుకున్నాను. యువరాజు గారికి ఫోను సేత్తే ఆయనే ఎలగో అలగ సూసుకుందురు. సెయ్యనేదు. ఇన్నాళ్ళూ ఎందుకు రాయనేదని అడుగుతారు కదా!

గంటన్నది సాయంత్రమయ్యింది. డీజిలయిపోయి కొట్టోడు టెక్కలి ఎల్లేడు. నేను ఆ తొమ్మిదీ కలిపీసరికి నాలుగు. అప్పటికి మావని ఆటోలో పడుకోబెట్టి కాశీబుగ్గ దాకా తీసుకెల్లేరు మీరు. పానం అక్కడే పోయిందని నీకు నేను సెప్పాలా?

మర్నాడు కూకుని రాసేనత్తా, ఆ ఆటోమేటిక్‌ది. ఎంతసేపు పట్టిందో తెలుసా? ఒక్క పూట! మధ్యాన్నం అన్నాలకి ముందే అయిపోయింది. నకలు పుడతంది, దానికదే లోపలికెల్లిపోతంది. అన్నీ పచ్చగా ఎలుగుతుంటే సూడనేక ల్యాప్‌టాపు మూసీసేను.

అయిపోనేదు. అసలుది ఇంకా సెప్పనేదు.

మెసేజీ రాకపోయినా సానామంది ఎల్లిపోయేరు ఆ రోజు. మీ పక్కింటి నీలమ్మ ఎల్లింది. మందస కాన్నుంచి ఒచ్చినోలు తలుపులు బాదేరంట. అందరికీ ఎలగో అలగ సేసేరు, బతికేరు. మావొక్కడే ఇంట్లో కూకున్నాడు. ఎందుకు కూకున్నాడో ఎప్పుడన్నా అనుకున్నావా?

తొమ్మిదిన్నరకి నాకు ఫోను సేసేడత్తా.

'ఒలే గుంటా, మెసేజీ రానేదే. కాళ్ళు పొంగిపోయాయి, ఆయాసంగుంది. ఊరికే ఎల్లిపోనా?' అనడిగేడు. ఎర్రచ్చరాలు అప్పుడు నా సేతిలోనే ఉన్నాయి. 'మాది పాడయ్యింది, బేగి ఎల్లిపో మావా' అంటే సరిపోయీది. నోరు రానేదు. 'ఒత్తాది మావా, మాది ఎప్పుడూ తప్పదు. ఒచ్చాకే ఎల్లు, ఆయాసంతో అక్కడ ఎంతసేపని నిలబడతావు' అన్నాను. 'నువ్వు సెప్పేవంటే ఇంకేటుందే' అని ఫోను ఎట్టీసేడు.

...ఏటత్తా?

తెలుసా?

స్పీకర్లో ఎట్టేడా? పక్కనే ఉన్నావా నువ్వు?

మరి పన్నెండు రోజులై... దినం నాడు నా ఇస్తట్లో నీ సేత్తోనే వడ్డించేవు కదా! అన్నం కలుపుకోమని పక్కన నిలబడ్డావు! ఒక్క మాటనేదే! ఇప్పుడు నేను కాయితం తేత్తే దానికీ పెన్ను తీసేవు. నేను నోరు మెదపకపోతే ఎట్టీసుందువా సంతకం?

తలూపుతన్నావు. ఎట్టీసుందువు.

ఇటివ్వు ఆ కాయితం. 'తుఫాను' కొట్టీసి నా పేరు రాత్తాను. మావ అడిగిందీ, నేనన్నదీ, రెండూ రాత్తాను. కింద నేనే సంతకం ఎట్టి నేనే పట్టుకెల్లి యువరాజు గారి సేతికిత్తాను. ఆల్లేటి సేసుకుంటారో సేసుకోనీ.

అత్తా... ఇంక నన్ను ఈ గడప ఎక్కనిత్తావా?

మళ్ళీ ఆ సేట దగ్గరికి లాక్కుంటన్నావా?

...సర్లే. నన్నడిగితే నేనూ ఎక్కనివ్వను.